సుంకిలో బాణీల చెక్‌పోస్టు పెట్టాలి

అయ్యా, ప్రభుత్వం వారూ! ఏ ప్రభుత్వం వారో తర్వాత తేల్చుకుందాం. ముందు మా విన్నపం వినండి.

సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే పైన సుంకి వస్తుంది. అక్కడి నుంచి ఒడిశా. పేరులోనే సుంకం పెట్టుకున్న ఊరది. సరిహద్దు అన్నాక లారీ ఆగాలి, డ్రైవరు కిందికి దిగాలి, కాగితం చూపించాలి. అది పద్ధతి. ఉల్లిపాయ బస్తాకి కాగితముంది, సిమెంటుకి కాగితముంది, కోళ్ళకి సైతం ఉంది. మరి సినిమా బాణీకి? డ్రైవరు పెదాల మీద ఈలగా కూర్చుని దర్జాగా కొండెక్కేస్తోంది, మళ్ళీ దిగిపోతోంది. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర్నుంచి వస్తున్నావు అని అడిగే నాథుడు లేడు. దీనివల్ల కోరాపుట్ జిల్లా జైపూరులో ఆదివారం పూట శాంతిభద్రతలు ఎలా దెబ్బతింటున్నాయో సాక్ష్యాలతో మనవి చేసుకుంటాను.

మా ఊళ్ళో సినిమా సంగీత దర్శకులు సాలూరి రాజేశ్వరరావు గారి అభిమానులం పదకొండు మందిమి. వారం వారం సాయంత్రం ఒక టీ కొట్టు దగ్గర కలుస్తాం. సంఘానికి పేరు లేదు. 2022లో, ఆయన శతజయంతి ఏడాది, పేరు పెడదామని కూర్చున్నాం. పేరులో ‘సాలూరి’ ఉండాలని ఐదుగురు, ‘రాజేశ్వర’ ఉండాలని ఐదుగురు పట్టుబట్టారు. వాయిదా వేశాం. ఇంకా ఆ వాయిదాలోనే ఉన్నాం. పదకొండో ఆయన ఏ పక్షానా చేరలేదు. ఆయన లోలోపల ఘంటసాల గారి మనిషనీ, ఇక్కడికి గూఢచారిగా వస్తున్నాడనీ మాకు అనుమానం. అయినా ఆయన బిస్కెట్లు తెస్తాడు కాబట్టి రానిస్తున్నాం.

ముందుగా రాజేశ్వరరావు గారు మావారే అన్న సంగతి రుజువు చేస్తాను. ఆయన పుట్టింది 1922లో, సాలూరు దగ్గర శివరామపురంలో. అది ఆంధ్ర కదా, మీరు ఒడిశా కదా అంటారు. 1922లో ఒడిశా రాష్ట్రం ఎక్కడుందండీ? 1936 ఏప్రిల్ 1న కదా వచ్చింది! అంతవరకూ సాలూరూ, మా జైపూరూ కలిసి మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా. అంటే పుట్టిన రోజున ఆయన మా జిల్లావాడే. ఈ పాయింటు మా రిటైర్డ్ హెడ్మాస్టారు తీసిన రోజున చప్పట్లు కొట్టి, అందరం రెండో టీ చెప్పుకున్నాం. ఆ తర్వాత పాపం శివరామపురం శ్రీకాకుళం జిల్లాకి వెళ్ళింది, 1979లో విజయనగరం జిల్లాకి వచ్చింది, సరిగ్గా శతజయంతి ఏడాదే పార్వతీపురం మన్యం జిల్లాలో పడింది. ఊరు అంగుళం కదల్లేదు, నాలుగు జిల్లాలు తిరిగింది. ఊళ్ళకే ఇంత ప్రయాణం రాసిపెట్టి ఉంటే పాటల సంగతి చెప్పాలా?

అసలు గొడవ ప్రభావాల దగ్గర వస్తుంది. ఏ సంగీత దర్శకుడి గురించి మాట్లాడినా, ఆయన మీద ఎవరి ప్రభావం ఉంది అని ఎవరో ఒకరు అడుగుతారు. మా దగ్గర ఆ మాట నిషిద్ధం. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు తెలియక, “రాజేశ్వరరావు గారి మీద పంకజ్ మల్లిక్ ప్రభావం ఉందంటారు కదండీ” అన్నాడు. హార్డ్‌వేర్ షాపు మావయ్య గ్లాసు కింద పెట్టాడు.

“ప్రభావమేటి బాబూ, ప్రభావం? అదేమన్నా జలుబేటి, పక్కనోడి దగ్గర్నుంచి పట్టుకోడానికి?”

ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదని నాకు తెలుసు. రాజేశ్వరరావు గారు కుర్రతనంలో కలకత్తా వెళ్ళారు. సైగల్, పంకజ్ మల్లిక్‌ల సంగీతానికి దగ్గరయ్యారు, హిందుస్తానీ బాణీ వంటబట్టించుకున్నారు. తిరిగొచ్చాక బాలసరస్వతీదేవి గారూ ఆయనా కలిసి పాడిన లలితగీతాల రికార్డులతో తెలుగువాళ్ళ గ్రామఫోను గొంతు తగ్గించి, మెత్తగా మాట్లాడటం నేర్చుకుంది. అంతకుముందు స్టేజీ పద్యానికి అలవాటు పడ్డ పెట్టె అది. ఆయన కూడా 1935లో కృష్ణుడి వేషం కట్టి, ఆ గట్టి గొంతుల కాలంలో సినిమాల్లోకి వచ్చినవారే. అయితే ఈ కలకత్తా సంగతి మా సభలో చెప్పేటప్పుడు ‘విన్నారు’ అనకూడదు. ‘వెళ్ళి వాళ్ళకి వినిపించి వచ్చారు’ అనాలి.

మరి ఇంట్లో సంగతో? తండ్రి సన్యాసిరాజు గారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పక్కన కూర్చుని మృదంగం వాయించిన మనిషి. “కన్నతండ్రి ప్రభావం కూడా లేదంటావా మావయ్యా?” అని నేనే సాహసించి అడిగాను. ఒక నిమిషం ఆలోచించి తీర్పు చెప్పాడు. “అది ప్రభావం కాదు, ఆస్తి.”

ఈ శిక్షాస్మృతి బయటివాళ్ళకి అంత తేలిగ్గా అర్థం కాదు. మనవారు ఒక బాణీ విని మరొకటి కట్టుకుంటే స్ఫూర్తి. పక్కవారి అభిమాన దర్శకుడు కడితే కాపీ. ఈ కాలం కుర్రాడు కడితే పోలీసు కేసు. ఒకటే నేరం, శిక్ష మాత్రం పేరు చివర ‘గారు’ ఉందా లేదా అన్నదాన్ని బట్టి. 1948లో జెమినీ వాసన్ తీస్తే రాజేశ్వరరావు గారు సంగీతం చేసిన చంద్రలేఖ సంగతే చూడండి. ఆ డోలు నృత్యమేమిటి, ఆ పాశ్చాత్య వాద్యాలేమిటి, కర్ణాటకం, హిందుస్తానీ, జానపదం ఒకే పందిట్లో కూర్చోవడమేమిటి! నన్నడిగితే ఆ మనిషి గొప్పంతా ఆ చెవుల్లోనే ఉంది. వినబడిందల్లా లోపల వేసుకుని, తన గొంతుతో బయటికి తీశాడు. ఇది నేను మనసులో అనుకున్నాను. పైకి మాత్రం మావయ్య తీర్పునే బలపరిచాను. పాశ్చాత్య సంగీతమే ఆయన్ని వెతుక్కుంటూ మద్రాసు వచ్చిందట. ఆ సినిమాకి ఎం.డి. పార్థసారథి గారు కూడా సంగీతం చేశారు. మా సభలో ఆ పేరు వచ్చినప్పుడు అందరం ఒకేసారి టీ ఊదుకుంటాం.

ఇక చెక్‌పోస్టు అవసరం ఎందుకొచ్చిందో చెబుతాను. 1955లో వచ్చిన మిస్సమ్మలో ‘బృందావనమది అందరిదీ’ పాట మీ అందరికీ తెలుసు. మొన్న ఆదివారం దాన్ని ఫోన్లో పెట్టుకుని విన్నాం. పాట అయిపోగానే హెడ్మాస్టారు కళ్ళు తెరిచి, “ఆహా, శుద్ధ సావేరి!” అన్నారు. బట్టల కొట్టు బావ చాలాకాలం రాయపూర్‌లో ఉండి వచ్చినవాడు. “దుర్గ కదండీ” అన్నాడు. అంతే. ఒకే రాగం, ఒకే సరిమపద, రెండు పేర్లు. దక్షిణాన పిలిస్తే శుద్ధ సావేరి, ఉత్తరాన పిలిస్తే దుర్గ. పోనీ అని ఊరుకుంటే సరిపోయేది. కానీ శుద్ధ సావేరి అని ఒప్పుకుంటే బాణీ కింది నుంచి వచ్చినట్టు, దుర్గ అని ఒప్పుకుంటే కలకత్తా నుంచి వచ్చినట్టు. కలకత్తా అంటే మళ్ళీ ప్రభావం. ప్రభావం అంటే జలుబు.

నేను సర్దిచెప్పబోయాను. సాలూరు సంతలో బుట్టకెత్తిన గుమ్మడికాయ సుంకి దాటగానే కఖారు అవుతుంది, కాయ అదే కదా అన్నాను. “సంగీతాన్ని గుమ్మడికాయతో పోల్చినవాడికి ఇక్కడ టీ లేదు” అన్నారు హెడ్మాస్టారు. ఆ పూట నా టీ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను.

అంతటితో ఆగిందా? బట్టల కొట్టు బావ ఇంకో మాట అన్నాడు. అదే కథ 1957లో హిందీలో మిస్ మేరీగా వచ్చినప్పుడు సంగీతం హేమంత్ కుమార్ గారిది. మిగతావి ఎలా ఉన్నా ఈ బృందావనం బాణీని మాత్రం ఆయన అలాగే ఉంచేశారు. రఫీ, లతా పాడారు. ఆ సంగతి వినగానే మా సభ రెండుగా చీలిపోయింది. దొంగతనం అని కొందరు, గౌరవం అని కొందరు. రీమేకు కాబట్టి రెండూ కాదని బావ. హెడ్మాస్టారు లెక్క తీశారు. మనవాళ్ళు బెంగాలు వెళ్ళి చేబదులు తెచ్చారనే అనుకుందాం. బెంగాలీ ఆయనే మద్రాసు బాణీ పట్టుకెళ్ళాడు కాబట్టి వడ్డీతో సహా చెల్లు. 1959లో రాజేశ్వరరావు గారు సంగీతం చేసిన సినిమా పేరు అప్పుచేసి పప్పుకూడు కావడం ఊరికే జరగలేదని కూడా ఆయన అభిప్రాయం.

ఇప్పుడు అసలైన సరిహద్దు తగాదాకి వస్తాను. ఇది చెప్పాలంటే కొటియా గురించి చెప్పాలి. సాలూరుకీ పొట్టంగికీ మధ్య కొండల్లో ఇరవై ఒక్క ఊళ్ళు. మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ అంటాయి. 1968లోనే తగాదా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. అక్కడి జనానికి రెండు వైపులా కార్డులుంటాయి, రెండు వైపుల నాయకులూ వచ్చి దండాలు పెడతారు. తెలుగు సినిమా సంగీతంలో కొటియా లాంటి పాట ఒకటుంది. ‘లాహిరి లాహిరి లాహిరిలో.’ 1957 మాయాబజార్. తెర మీద సంగీతం ఘంటసాల అని ఉంటుంది. అయితే మొదట ఆ సినిమాకి ఒప్పుకుని, నాలుగు పాటలకి బాణీలు కట్టి, మధ్యలో తప్పుకున్నది రాజేశ్వరరావు గారు. వాటికి వాద్యాలు కూర్చి, రికార్డు చేసి, మిగతా సినిమా అంతా మోసింది ఘంటసాల గారు. ఇద్దరూ 1922లోనే పుట్టారు, అదొకటి. వయసులో పెద్దవారు కాబట్టి వదిలేద్దాం అనడానికి కూడా వీల్లేదు, తేడా రెండు నెలలు.

మోహన రాగంలో ఉన్న ఆ పాట మా టీ కొట్టులో మోగితే చాలు, రెవెన్యూ సర్వే మొదలవుతుంది. పల్లవి ఎవరిది? నడక ఎవరిది? ఆ తెడ్డు వేసే ఊపు ఎవరి ఖాతాలో రాయాలి? మావయ్య ఓసారి, “బాణీ కట్టినోడిదే భూమి, వాద్యాలు పెట్టినోడు కౌలుదారు” అన్నాడు. అప్పటిదాకా నోరెత్తని పదకొండో ఆయన బిస్కెట్ పొట్లం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. అది యుద్ధానికి గుర్తు.

“మల్లీశ్వరిలో ‘ఆకాశ వీధిలో’ కట్టిందెవరండీ?”

“రాజేశ్వరరావు గారు!” అన్నాం పదిమందిమీ.

“భానుమతి గారితో కలిసి పాడిందెవరు?”

ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఆగలేదు. ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో ఎవరి దగ్గర నేర్చుకున్నారు? పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర. శాస్త్రి గారిని జనం ఏమని పిలిచేవారు? సాలూరి చినగురువు గారు అని. ఆయన తండ్రి నరసింహశాస్త్రి గారు? సాలూరి పెదగురువు గారు. సాలూరులోనే పాఠశాల పెట్టి సంగీతం చెప్పిన మనిషి. అంటే వాది సరుకూ సాలూరే, ప్రతివాది సరుకూ సాలూరే!

ఇన్నేళ్ళుగా గూఢచారి అనుకున్న మనిషి మా ఊరి ఘాట్ కింద నుంచే శత్రువుకి గురువుని తీసుకొచ్చి నిలబెట్టేసరికి మాకు ఊపిరాడలేదు. మొదట తేరుకున్నది మావయ్య. ముఖం వెలిగిపోయింది.

“అయితే ఘంటసాల గారి మీద మన సాలూరు ప్రభావం ఉందన్నమాట!”

చూశారా? ప్రభావం అనే మాట అలా మా సభలోకి మొదటిసారి అధికారికంగా అడుగుపెట్టింది. జలుబు మన వైపు నుంచి వెళితే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఈలోగా టీ కొట్టాయన పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ సన్నగా పాడుకుంటున్నాడు. ఒరియా ఆయన. మేం ఇన్నేళ్ళుగా అక్కడ కొట్టుకు చస్తున్నా ఎప్పుడూ మా మాటల్లో జోక్యం చేసుకోలేదు. ఆ రోజు అందరం నోరు మూసుకోవడంతో వినబడింది. ‘లాహిరి లాహిరి’ అంతవరకూ తెలుగే. ఆ తర్వాత సగం తెలుగు, సగం ఒరియా, కొంత ఏ భాషా కాదు. ‘ఓహో’ దగ్గర మాత్రం ఇద్దరు సంగీత దర్శకులూ సంతోషించేంత సరిగ్గా తీశాడు. గరిటె కూడా తెడ్డు వేసినట్టే తిరుగుతోంది.

హెడ్మాస్టారు ఆయన్ని ఒరియాలో అడిగారు, ఈ పాట ఎవరిదో తెలుసా అని.

“ఎ త ఆమ గీత, ఆజ్ఞా” అన్నాడు. ఇది మా పాటేనండీ అని. వాళ్ళ అమ్మ చిన్నప్పుడు జోల పాడేదట. ఆవిడకి ఎవరు నేర్పారు అంటే, ఎవరూ నేర్పలేదట, ఆవిడకి వచ్చట.

చట్టప్రకారం చూస్తే మూడో హక్కుదారు. పైగా స్వాధీనంలో ఉన్నవాడు. మావయ్య ఏదో అనబోయాడు గానీ, ఆ టీ కొట్టు తప్ప మాకు కూర్చోవడానికి ఇంకో చోటు లేదు.

కాబట్టి ప్రభుత్వం వారికి మా కోరిక ఇది. సుంకి దగ్గర వెంటనే ఒక బాణీల చెక్‌పోస్టు పెట్టండి. హార్మోనియం చేతపట్టుకున్న ఒక ఇన్‌స్పెక్టరుని కూర్చోబెట్టండి. వచ్చే పోయే ప్రతి ఈలనూ ఆపి, స్వరాలు విప్పి చూసి, ఇటు వెళ్ళేవాటికి శుద్ధ సావేరి అనీ, అటు వెళ్ళేవాటికి దుర్గ అనీ ముద్ర వేయించండి. అమ్మలు జోలపాటలుగా తీసుకెళ్ళే సరుకు విషయంలో ఏం చేయాలో మాత్రం మీరే చూసుకోండి, అది మా వల్ల కాదు. ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి మావయ్య దరఖాస్తు సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఈ విన్నపంతో పాటు ఆ రోజు టీ బిల్లు జతపరుస్తున్నాను, ఖర్చుల కింద ఇప్పించగలరు. పదకొండు మందిమి, తలా రెండు, ఇరవై రెండు టీలు అవ్వాలి. కొట్టాయన ఇరవై మూడు రాశాడు. ఆ ఇరవై మూడోది ఎవరిదని రెండుసార్లు అడిగాం. నాది అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.