పెద్దాయనకి ఏ ఇబ్బందీ లేదు

నగరంలో వృద్ధులు ఉంటున్న ఇళ్ల మీద ఎవరికైనా అనుమానముంటే వాళ్లనే అడగొచ్చు. "ఇల్లు ఎలా ఉందండీ?" అంటే "నాకేం తక్కువ బాబూ, బాగానే ఉంది" అంటారు. ఆ సమయానికి కొడుకు పక్కనే కూర్చుని ఉండటం యాదృచ్ఛికం. హైదరాబాద్‌లో ఇంత సంతృప్తి పొంగిపొర్లుతుంటే బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు కూడా కావాలనడం ఏం న్యాయం?

కడ్డీల సంగతి ఢిల్లీలో 2019లోనే ఆలోచించారు. కేంద్ర గృహనిర్మాణ శాఖ నమూనా మార్గదర్శకాల్లో కడ్డీలు, జారని టైల్స్, చక్రాల కుర్చీ పట్టే లిఫ్టు అన్నీ ఉన్నాయి. కాకపోతే అవి రిటైర్‌మెంట్ హోమ్‌లకి. కన్నకొడుకు ఫ్లాట్‌లో ఉండే తల్లి జారిపడదని శాఖవారి నమ్మకం కాబోలు.

మల్కాజిగిరిలో ఒక పెద్దాయనకి నాలుగొందల గజాల్లో ఇల్లు, వరండా, జామచెట్టు ఉండేవనుకుందాం. బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. నాలుగంతస్తులు లేచాయి. కింద కార్లు పెట్టారు, పాపం అవి మెట్లెక్కలేవు కదా. పెద్దాయనకి మూడో అంతస్తు దక్కింది. లిఫ్టు ఆగిపోయింది, రిపేరు డబ్బులు ఎవరివన్నది తేలలేదు. తేల్చడానికి అసోసియేషన్ వాళ్లు టెర్రస్ మీద మీటింగ్ పెట్టారు. పెద్దాయన రాలేదు కాబట్టి ఆయనకి అభ్యంతరం లేదని మినిట్స్‌లో రాసుకున్నారు.

ఆయన గదిని ప్లాన్‌లో 'గెస్ట్ బెడ్‌రూమ్' అన్నారు. గీసినవాడు జ్ఞాని. హాలంతా అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్. పొడిగా ఉంటే మొహం కనిపిస్తుంది, తడిస్తే కైలాసం కూడా. భద్రతకీ లోటు లేదు, డాలస్‌లో ఉన్న చిన్నకొడుకు హాల్లో కెమెరా పెట్టించాడు. "నాన్నా, అర్ధరాత్రి హాల్లో ఏంటి తిరుగుడు?" అని ఫోన్ చేస్తాడు. బాత్రూం ఉన్నది హాలు అవతల. అటాచ్డ్ బాత్రూం మాస్టర్ బెడ్‌రూమ్‌కే ఇచ్చారు, మాస్టర్ మారాడు కాబట్టి.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టంలో 23వ సెక్షన్ ఒకటుంది. చూసుకోవాలనే షరతు మీద రాసిచ్చిన ఇంటిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు గిఫ్ట్ డీడ్‌లో పెట్టమని లాయరు చెబితే, "కన్నకొడుకు దగ్గర షరతులేంటండీ" అని పెద్దాయనే కోప్పడ్డాడు. ఇప్పుడు ఆ ట్రిబ్యునల్ నడిచే ఆర్డీఓ ఆఫీసుకి వెళ్లాలన్నా ముందు కిందికి దిగాలి. లిఫ్టు సంగతి వచ్చే మీటింగ్‌లో చూస్తామన్నారు. మీటింగ్ టెర్రస్ మీదే.