మెడ మీద మచ్చ లేకుంటే గొంతు పిసకనట్టేనా?

వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మొగుడు గొంతు పిసికిండని చెప్పుడు ఇప్పుడు అలవాటైంది. నిజంగ పిసికితే మెడ మీద అచ్చు పడ్తది, మాట రాదు, మనిషి బతకదు. మచ్చ లేకుంటే నమ్మకున్రి, ఆలుమగల లొల్లి ఇంట్లనే తెంపుకోనియ్యిన్రి" అని దాని సారాంశం. దీన్ని పంపుతున్నవాళ్లలో పంచాయితీల్లో కూర్చునే పెద్దమనుషులూ ఉన్నారు. వాళ్ల మాట మీద ఒక ఆడమనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో తేలుతుంది కాబట్టి, ఇందులో ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

మొదట మచ్చ సంగతి. అమెరికాలోని శాన్ డియాగోలో పోలీసుల దాకా వచ్చిన 300 గొంతు నులిమిన కేసులను పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి కంటికి కనిపించే గాయమే లేదు. మరో 35 శాతం మందికి ఉన్నా, అవి ఫోటోలో సరిగా పడనంత చిన్నవి. అరచేయి, మోచేతి మడత, మెత్తటి చున్నీ వెడల్పుగా ఒత్తుతాయి. చర్మం కమలకుండానే లోపలి రక్తనాళాలు నలుగుతాయి. పైగా మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తొందరగా తేలదు, కొన్ని కమిలిన గుర్తులు మరునాడో ఆ మరునాడో బయటపడతాయి. మెడ ఒక్కటే చూసి లేచిపోకండి. కంటి తెల్లగుడ్డులో, కింది రెప్ప లోపల, చెవుల వెనుక సూదిమొనంత ఎర్ర చుక్కలు ఉన్నాయేమో చూడండి. గొంతు బొంగురుపోయిందా, గుటక వేస్తే నొప్పా, చూపు మసకబారిందా అని అడగండి.

"అరిచింది కదా, ఊపిరి ఆడినట్టే" అనే మాట ఇంకా ప్రమాదకరం. గాలిగొట్టం మూసుకుపోవాలంటే సుమారు 15 కిలోల ఒత్తిడి కావాలి. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు దాదాపు 5 కిలోలకే మూసుకుంటాయి, తిరిగి తెచ్చే సిరలకు 2 కిలోలు చాలు. అంటే ఊపిరి ఆడుతూ ఉండగానే మెదడుకు రక్తం ఆగిపోవచ్చు. అలా ఆగితే పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు. స్పృహ తప్పిన సంగతి చాలామందికి తమకే తెలియదు. "తలుపు కాడ నిలబడ్డ, చూస్తే కింద పడి ఉన్న" అన్నదంటే నడుమ పోయిన ఆ ఘడియే స్పృహ తప్పిందనడానికి గుర్తు. పంచాయితీలో "ఒకసారి ఒక తీరు చెప్తది, అబద్ధం" అని కొట్టిపారేస్తారు చూడండి, రక్తం అందని మెదడు జ్ఞాపకాన్ని సరిగా పట్టి ఉంచలేదు. ఆ సమయంలో తెలియకుండా మూత్రం పడిందంటే దెబ్బ చాలా తీవ్రమైనది. పదిమంది మగవాళ్ల ముందు ఆ మాట ఏ ఆడది చెప్తుంది? ఆమె నమ్మే ఒక ఆడమనిషి పక్కకు తీసుకెళ్లి అడగాలి.

"గీతలు మొగుని మొఖం మీదనే ఉన్నయి, కొట్టింది ఈమెనే" అనడం కూడా ఆ మెసేజ్ వెంట వస్తున్నదే. మెడ బిగిస్తుంటే ఎవరైనా ఆ చేతులను రక్కుతారు, ముంజేతిని కొరుకుతారు. తన మెడను తానే గీరుకుంటారు కూడా. స్టేషన్‌లో అతని గాయం కనిపిస్తుంది, ఆమెది కనిపించదు. ఎవరు ముందు ఏం చేశారో విడివిడిగా అడగకుండా ఆ గీతలతో తీర్పు చెప్పడం ఘోరమైన అన్యాయం.

ఇక "బతికింది కదా". గొంతు లోపలి వాపు కొన్ని గంటల తర్వాత పెరిగి ఊపిరికి అడ్డుపడవచ్చు. మెడ ధమని లోపలి పొర చీలితే అక్కడ రక్తం గడ్డకట్టి, రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత పక్షవాతం రావచ్చు. గర్భిణి అయితే బిడ్డకూ ముప్పే. ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించి పడుకోబెట్టే వ్యవహారం కాదిది. అదే రాత్రి 108 పిలిచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గరలోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. "మెడ నొప్పి" అని ఊరుకోకుండా "గొంతు పిసికిండు, నడుమ ఏమైందో యాదికి లేదు" అని డాక్టరుకు విడమరిచి చెప్పండి. మెడ రక్తనాళాలు లోపల దెబ్బతిన్నాయేమో చూపే స్కాన్, సీటీ యాంజియో, అవసరమా అని అడగండి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు కేసుకు పనికొచ్చేలా గాయాలను ఆసుపత్రి రికార్డులో రాయించండి.

"కోపంల మెడ పట్టుకున్నడు, చంపుదామని కాదు" అంటారు. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, భర్త లేదా సహచరుడు అంతకుముందు గొంతు నులిమిన స్త్రీ అతని చేతిలోనే హత్యకు గురయ్యే అవకాశం 7 రెట్లకు పైగా ఎక్కువ. అందుకే ఆ రాత్రే రాజీ చేసి ఆమెను అదే ఇంటికి పంపడాన్ని నేను ఒప్పుకోను. భారతీయ న్యాయ సంహితలో భర్త క్రూరత్వానికి 85వ సెక్షన్ ఉంది. చంపే ఉద్దేశం కనబడితే హత్యాయత్నానికి 109 ఉంది.

ఇంట్లోనే తెంపుకోవాలన్న మాటకు చట్టమే జవాబిచ్చింది. 2005 గృహహింస చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఆమె అడిగితే ఆసుపత్రి వైద్యం చేయాల్సిందే. ముందుగా రిపోర్టు ఇవ్వలేదని తిప్పి పంపకూడదు, వైద్య పరీక్ష నివేదిక నకలు ఉచితంగా ఇవ్వాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయవచ్చు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లవచ్చు. మెడ, కళ్లు, చెవుల వెనుక భాగం ఆ రోజు, తర్వాతి రెండు మూడు రోజులు తేదీతో ఫోటోలు తీసి, ఆమె భర్త చేతికి అందని ఫోన్‌లో దాచండి. చున్నీతోనో ఛార్జర్ వైరుతోనో బిగించి ఉంటే దాన్ని ఉతకకుండా, తుడవకుండా కాగితం సంచిలో పెట్టి పోలీసులకు ఇవ్వండి.