నా గొంతు మీద విచారణ కమిషన్ వేయాలి

పొలం పాసుపుస్తకంలో మా నాన్న పేరుకి ఒక దీర్ఘం ఎక్కువ పడింది. అది తీయించడానికి ఓ ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను, ఆధార్ జిరాక్సు, దాని మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం, అన్నీ పట్టుకెళ్తే ఫొటోలో చెవులు కనపడట్లేదు, ఇంకో ఫొటో తెమ్మన్నారు, తెచ్చేసరికి సారు లంచ్‌కెళ్లారు, రేపు రండి. నాకేం కోపం రాలేదండీ. వ్యవస్థ అన్నాక ఆమాత్రం జాగ్రత్త ఉండాలి. నా బాధల్లా ఒక్కటే, ఇంత జాగ్రత్త గల దేశంలో పుట్టి పెరిగిన నా గొంతులో కణాలకి అందులో పావలా వంతైనా ఎందుకు అబ్బలేదు అని.

మొన్న ఓ పెళ్లికెళ్లొచ్చిన మూడో రోజు 102 జ్వరం, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు. డాక్టరుగారు చూసి ఫ్లూ అన్నారు. మంచం మీద పనీపాటా లేక అసలు ఈ వచ్చినవాడెవడు, వాడి అర్హతలేంటి అని చదవడం మొదలుపెట్టా. చదివాక జ్వరం కంటే అవమానం ఎక్కువైంది.

వాడికి ఆస్తి లేదు. తిండి తినడు, ఊపిరి పీల్చడు, సొంతంగా ఒక్క ప్రొటీన్ ముక్క చేసుకోలేడు. తల వెంట్రుక మందంలో పక్కపక్కన పేరిస్తే వందల మంది పడతారు. కవరు విప్పి చూస్తే ఎనిమిది ఆర్ఎన్ఏ ముక్కలు, అంటే ఎనిమిది చీటీలు, వాటన్నిట్లో కలిపి రాసున్న విషయం ఒక్కటే, నాలాంటోళ్లని ఇంకా తయారుచెయ్. అంతే సామాను. ఇంతకీ వైరస్ బతికున్నట్టా లేనట్టా అంటే సైంటిస్టుల మధ్యే ఇంకా పేచీ. 1935లో వెండెల్ స్టాన్లీ అనే ఆయన పొగాకుకి మొజాయిక్ తెగులు తెచ్చే వైరస్‌ని (మన ప్రకాశం రైతులకి దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు) పటికబెల్లం లాగా స్ఫటికాలు కట్టించాడు, వాటిని మళ్లీ ఆకుకి తగిలిస్తే మళ్లీ తెగులొచ్చింది, ఆయనకి 1946లో నోబెల్ వచ్చింది. పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ అడిగితే తెచ్చుకోలేని శాల్తీ అన్నమాట. అలాంటోడు నా ఒంట్లో వారం రోజులు ఆఫీసు నడిపాడు.

ఎలా దూరాడో చూడండి. కవరు మీద మేకుల్లాంటివి పొడుచుకొచ్చి ఉంటాయి, హెమగ్లుటినిన్ అంటారు, హెచ్1ఎన్1 అనే ఫ్లూ రకం పేరులో హెచ్ అదే. మా కణం గుమ్మానికి సయాలిక్ యాసిడ్ అనే చక్కెర జాతి పదార్థం మామిడి తోరణంలా వేలాడుతుంటుంది. మేకు పోయి ఆ తోరణాన్ని పట్టుకుంటుంది. ఎవరు బాబూ నువ్వు, ఏ ఊరు, ఏ పని మీద వచ్చావ్, ఒక్క ప్రశ్న లేదు, కణమే తన గోడని లోపలికి మడిచి, సంచీ చేసి, అందులో వాణ్ణి కూర్చోబెట్టి చంకనేసుకుని లోపలికి తీసుకెళ్తుంది. కూతురి పెళ్లిలో వియ్యంకుణ్ణి కూడా మేం అలా తీసుకెళ్లలేదు.

లోపలికెళ్లాక కణానికి కొంచెం అనుమానం వస్తుందనుకోండి, సంచీలో యాసిడ్ పెంచుతుంది, వచ్చిందేదైనా అందులో అరిగిపోవాలని. వాడు కాచుక్కూర్చుంది సరిగ్గా దానికే. యాసిడ్ తగలగానే మేకు మడత విప్పుకుని సంచీ గోడలోకి దిగి, కవరునీ గోడనీ కలిపేస్తుంది, చీటీలన్నీ బయటపడి నేరుగా హెడ్డాఫీసుకి, అదే కేంద్రకానికి, వెళ్లిపోతాయి. దొంగ మీద పోద్దామని తెచ్చిన యాసిడ్‌తో దొంగే తాళం కరిగించుకున్నాడు.

అసలు కుంభకోణం అక్కడే జరుగుతుంది. ప్రొటీన్లు చేసేది రైబోజోములు. వాటి దగ్గరికి వచ్చే ఆర్డర్‌కి మొదట్లో టోపీ లాంటి గుర్తు ఒకటి ఉండాలి, ఆఫీసు సీలు అనుకోండి, సీలు లేకపోతే మామూలుగా ఫైలు కదలదు. ఫ్లూ వైరస్‌కి ఆ సీలు తయారు చేసుకునే స్తోమత లేదు. ఏం చేస్తాడంటే మా కణం సొంతానికి రాసుకున్న ఆర్డర్లు పట్టుకుని, సీలున్న పైముక్క కత్తిరించి, తన ఆర్డర్ నెత్తిన అతికించుకుంటాడు! దీనికి సైన్సులో పెట్టిన పేరు క్యాప్ స్నాచింగ్. మనకి చైన్ స్నాచింగే తెలుసు. పోలీసు కేసు పెడదామన్నా ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో తెలీదు.

రైబోజోముని నిలదీస్తే ఏమంటుందో నాకు తెలుసు. "సీలుంది సార్, పైనుంచి వచ్చిన ఆర్డరు, నేను అమలు చేశా." ఈ మాట ఎక్కడ విన్నానో చెప్పను, పాసుపుస్తకం పని ఇంకా అవ్వలేదు.

ఇంకో విషయం, ఆ చీటీలు కాపీ కొట్టేటప్పుడు ప్రూఫులు చూసే నాథుడే లేడు, పుంఖానుపుంఖాలుగా తప్పులు. మా నాన్న పేరులో తప్పు పడితే మేం రైతులమేనా అని అడుగుతున్నారు, అక్కడ తప్పు పడితే దానికి కొత్త రకం అని బిరుదు, వాడి కోసం ఏటా టీకా ఫార్ములా తిరగరాస్తున్నారు. రెండు రకాల ఫ్లూలు ఒకే కణంలో పడితే చీటీలు పేకముక్కల్లా కలిసిపోతాయి కూడా. 2009లో స్వైన్ ఫ్లూ అలాంటి కలగూరగంపే, పందిది కొంత, పక్షిది కొంత, మనిషిది కొంత. మన దేశంలో దాని మొదటి కేసు ఆ మే నెలలో బయటపడింది మన హైదరాబాద్‌లోనే.

తయారైన కొత్త వైరస్‌లు బయటికి పోబోతుంటే అదే తోరణం మళ్లీ పట్టుకుంటుంది. అబ్బ, ఇక్కడైనా దొరికాడు అనుకున్నా. దానికీ కత్తెర తెచ్చుకున్నాడు, న్యూరామినిడేజ్, హెచ్1ఎన్1లో ఎన్ అంటే అది. ఆ కత్తెరని పని చెయ్యనివ్వని మందు ఉంది, ఒసెల్టామివిర్, కాకపోతే మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే సరైన ఉపయోగం. ఆ రెండు రోజులూ నేను మిరియాల కషాయంలోనూ, మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చిన అజిత్రోమైసిన్‌లోనూ ఉన్నాను. అది బాక్టీరియా రైబోజోముల్ని ఆపే మందు. వీడికి సొంత రైబోజోము ఎక్కడేడిసింది, నావే వాడుతున్నాడు కదా! ఇల్లే లేనోడి ఇల్లు కూల్చడానికి బుల్డోజరు పంపినట్టు.

అందుకే కమిషన్ కావాలన్నా. మా ఇంట్లో వేశారు కూడా, ఏకసభ్య కమిషన్, మా పిన్ని. పెళ్లి బఫేలో నా భుజానికి ముక్కు తుడిచిన మా బావమరిది కొడుకు పేరు సాక్ష్యంతో సహా చెప్పినా రికార్డు చెయ్యలేదు. మంచం పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, "ఆ రోజు రెండు ఐస్‌క్రీములు తిన్నావురా, నే చూశా, అదే కొంప ముంచింది" అని తీర్పిచ్చేసింది.

ఇచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని మూడుసార్లు తుమ్మింది. పిన్నికి షుగరు, ఐస్‌క్రీము మానేసి పదేళ్లయింది.