గుర్రపుడెక్క బిల్లు మీద ఎవరి సంతకం ఉండాలి?

గోదావరి డెల్టాలో వేసవికి కాలువలు కట్టేయగానే పొక్లెయిన్లు దిగుతాయి. నీటి కలుపు మొక్కలైన గుర్రపుడెక్కను, తూడును తోడి గట్టున పోస్తాయి. కుప్పను ఫొటో తీస్తారు, బిల్లు పెడతారు. వానలు పడగానే గట్టు మీది పిలకలు జారి మళ్లీ నీళ్లలో చేరతాయి. సార్వా (ఖరీఫ్) నాట్లు ముగిసేసరికి తూము ముందు మొక్కలు ఎంత దట్టంగా పేరుకుంటాయంటే, గెడకర్రతో నెట్టినా కదలవు.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క అనుకూలమైన నీటిలో రెండు వారాలకే రెట్టింపు కాగలదు. విత్తనాలు అడుగు బురదలో 15 ఏళ్లకు పైగా బతికి ఉండగలవు. అలాంటిదాన్ని ఏడాదికోసారి పిలిచే టెండరు ఏం చేస్తుంది? పైగా డెక్క పోతే కాంట్రాక్టూ పోతుంది.

మందు కొట్టడం ఇక్కడ కుదరదు. ఊళ్లలో మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువలతోనే. చచ్చిన మొక్క అక్కడే కుళ్లితే చేపలకు ప్రాణవాయువు అందదు. డెక్కను తినే ముక్కుపురుగులను 1980లలోనే మన దేశానికి తెచ్చారు. నిలవ నీటిలో కూడా వాటి పని తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఏటా డెక్కతోపాటు పురుగులనూ ఊడ్చేసే కాలువలో అవి నిలదొక్కుకోవడం కష్టం. ఇక మిగిలేది మనుషులే. నాలుగు మొక్కలున్నప్పుడే చూసి లాగేసేవాళ్లు కావాలి.

అందుకు వ్యవస్థ లేకపోలేదు. 1997 చట్టంతో ఆయకట్టు రైతుల నీటి సంఘాలు వచ్చాయి, 2024 డిసెంబరులో వాటికి మళ్లీ ఎన్నికలూ జరిగాయి. అయితే డెక్క బాధ అందరికీ ఒకటి కాదు. ఎగువ రైతుకు ఎలాగోలా నీరు అందుతుంది. ఎండేది శివారు చేను. మురుగు కాలువ పూడుకుంటే మునిగేది పల్లపు చేను. ఆ చేలు చేసేది చాలాచోట్ల కౌలు రైతు. సంఘంలో కౌలుదారుకు చోటు లేదని చట్టం అనలేదు, కానీ రికార్డులో పేరుండాలి. నోటిమాట మీద నడిచే కౌలుకు రికార్డు ఎక్కడిది? నష్టపోయేవాడికి ఓటు లేని సంఘం డెక్కను పట్టించుకుంటుందని ఆశించడం అమాయకత్వం.

శ్రమదానం పేరిట ఏడాదికో పూట బ్యానరు కట్టడాన్ని ప్రజా భాగస్వామ్యం అనలేం. పట్టణాల మురుగు, రొయ్యల, చేపల చెరువులు వదిలే నీరు డెక్కకు మేతవుతున్నాయి. వరికి చల్లిన యూరియాలోనూ కొంత అక్కడికే చేరుతుంది. ఈ చివరి మాట రైతు సభల్లో ఎవరికీ రుచించదు. చెరువుల యజమానులనూ, పురపాలక సంఘాలనూ ఖర్చులో వాటాదారులను చేయకుండా భారమంతా ఆయకట్టు మీద వేయడం న్యాయం కాదు.

బిల్లుల పద్ధతీ మారాలి. తోడిన కుప్పను కొలిచి డబ్బివ్వడం ఆపాలి. కుప్పను గట్టుకు దూరంగా తరలించి, దాళ్వా (రబీ) ఆఖరి తడి వరకు శివారు తూములో నీరు సాఫీగా పారితేనే చివరి వాయిదా చెల్లించాలి. పారిందో లేదో సంతకం పెట్టి చెప్పాల్సింది ఆ చేను సాగు చేస్తున్న మనిషి, కౌలు పత్రం ఉన్నా లేకపోయినా.