ముఖం దాచి మనిషిని బజారుకీడ్చారు

గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసుకుని బతికే ఒక మనిషిని పోయిన వారం ఒక టీవీ చానల్ నవ్వులపాలు చేసింది. మగవారి ఆరోగ్యంపై అవగాహన కార్యక్రమమని చెప్పి ఆయన్ను మాట్లాడించారు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు లేరని, వృషణాల దగ్గర సిరలు ఉబ్బడమే కారణమని పరీక్షల్లో తేలిందని, ఆపరేషన్ చేయించుకున్నానని, తనలాంటివాళ్లు సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఆయన చెప్పారు.

ముఖం చూపించబోమన్నారు, చూపించలేదు. వెనక షెడ్డు మీది బోర్డు, ముంజేతి మీద కాలిన మచ్చ, గొంతు మాత్రం అలాగే వదిలేశారు. మర్నాడు పొద్దున టీ కొట్టులో గ్లాసు అందిస్తూనే అడిగారట, టీవీలో కనిపించింది నువ్వే కదా అని.

అరగంట మాట్లాడితే అర నిమిషం వేశారు. ఆపరేషన్ ఊసు లేదు. "మా ఆవిడ ముందు తలెత్తుకోలేకపోయాను" అన్న ఒక్క ముక్క, కింద మగతనం గురించి ఒక వెకిలి స్క్రోలింగ్.

టైమ్ ఉండదు, ఎడిటింగ్ తప్పదు అని చానల్ వాళ్లంటారు. మా డెస్కులోనూ కత్తెర ఉంది. నిడివి తగ్గించడం వేరు, మాటకు అర్థం మార్చేయడం వేరు. అర్ధసత్యాలు ప్రసారం చేయకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నియమాల్లోని ప్రోగ్రామ్ కోడ్ స్పష్టంగా చెబుతోంది.

మా బాధల్లా తర్వాత నోరు విప్పాల్సిన మగవాడి గురించే. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవారి వైపు కూడా లోపం ఉంటుంది. అయినా గొడ్రాలనే మాట పడేది కోడలే. వీర్య పరీక్షకు రమ్మంటే భర్త ముఖం చాటేస్తాడు. అలాంటి ఊళ్లో ఒకాయన ధైర్యం చేస్తే ఆయనకు దక్కిన ఫలితం ఇది. ఇది చూసిన ఇంకొకడు విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఓపీ దాకా వెళ్లి కూడా వెనక్కి తిరుగుతాడు. మగవాళ్లు బయటపడరని యాంకర్ వాపోయిన కార్యక్రమంలోనే, బయటపడ్డ ఒక్కణ్నీ ఇలా శిక్షించారు. పైగా బ్రేకులో లైంగిక శక్తి మందుల ప్రకటన! అలాంటి ప్రకటనలపై 1954 నాటి చట్టం ప్రకారమే నిషేధం ఉంది.

ఆ వీడియో ఇంకా యూట్యూబ్‌లో తిరుగుతూనే ఉంది. ముందు దాన్ని తీసేయండి. ఆటోనగర్ వెళ్లి ఆయనకు క్షమాపణ చెప్పండి. ఆయన మాటలు పూర్తిగా, ఆయన ఒప్పుకుంటేనే, మళ్లీ వేయండి. అప్పటిదాకా మరో రోగి ముందు మైకు పెట్టే అర్హత మీకు లేదు.