హాజరు బహుమతి ఇక ఇవ్వొద్దు

ఇక్కడ అమెరికాలో ఉన్న మన సంఘం తరఫున ఊళ్ళో బళ్ళకు ఏటా ఇచ్చే బహుమతుల్లో ఒకటి నేనే పట్టుబట్టి మొదలుపెట్టించాను. ఏడాది పొడుగునా ఒక్కరోజు కూడా మానకుండా బడికొచ్చిన పిల్లలకి ఒక షీల్డు, కొంచెం డబ్బు. ఆ బహుమతిని ఇప్పుడు ఆపేయమని అడుగుతున్నాను, ఎందుకో చెప్తాను.

పోయిన నవంబర్‌లో నాన్న కంటి ఆపరేషన్‌కి కావలి వెళ్ళాను, చిన్నదాన్ని వెంటబెట్టుకుని. మన నెల్లూరు వైపు వానలంటే అక్టోబర్, నవంబరే కదా, ఊరంతా తడి, ఏ ఇంటికెళ్ళినా ఎవరో ఒకరు దగ్గుతూ ఉన్నారు. ఒకరోజు పొద్దున ఆరున్నరకి మా చెల్లెలి కొడుకు మంచం దిగనని మొరాయించాడు, మూడో తరగతి వాడు. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. చెల్లెలు జ్వరం సిరప్ పోసి, అరగంట ఆగి మళ్ళీ ఒళ్ళు పట్టుకు చూసి, "తగ్గిందిలే అక్కా, ఇవాళ స్లిప్ టెస్ట్ ఉంది" అంటూ టై కట్టేసింది.

వద్దే, పడుకోనీ అన్నాను. "నీకేం అక్కా, అక్కడుంటావు. ఇక్కడ ఒక్కరోజు మానితే డైరీలో రాసి పంపిస్తారు. వీడికి ఇంతవరకు ఒక్క ఆబ్సెంట్ లేదు, ఇట్నే ఉంటే షీల్డు వస్తాదంట" అంది. ఆ బడికి మన సంఘానికి సంబంధం లేదు, కానీ షీల్డు అన్న మాట వినగానే నాకు నోట మాట రాలేదు.

ఏడున్నరకి ఆటో వచ్చింది. లోపల పది పన్నెండు మంది, ఒకరి ఒళ్ళో ఒకరు. మధ్యాహ్నం ఒంటిగంటకి బడి నుంచి ఫోన్, వాంతి చేసుకున్నాడు, వచ్చి తీసుకెళ్ళండని. రాత్రికి నోట్లో పుళ్ళు, మర్నాటికి అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులు. డాక్టరు చూడగానే హ్యాండ్ ఫుట్ మౌత్ అనే అంటువ్యాధి అన్నారు, ఆ వారం అవే కేసులు వరసగా వస్తున్నాయట. ఐదో రోజుకి నా కూతురికి, ఆ తర్వాత ఎదురింటి పాపకి. నా కూతురు మూడు రోజులు మజ్జిగ తప్ప ఏమీ మింగలేకపోయింది. మాకు వచ్చింది వాడి దగ్గర్నుంచేనని గట్టిగా చెప్పలేను, కానీ జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి ఆ ఆటోలో కుక్కి పంపడం కళ్ళారా చూశాను.

చెల్లెలు తెలియక చేసింది కాదు. ఒళ్ళు చల్లబడితే రోగం తగ్గినట్టేనని మనందరికీ ఒక నమ్మకం ఉంది, అక్కడే వస్తోంది చిక్కంతా. పారాసెటమాల్ జ్వరాన్ని నాలుగు నుంచి ఆరు గంటలు దించుతుంది, అంతే. లోపలున్న వైరస్‌ని అది ముట్టుకోదు. ఏడింటికి పోసిన సిరప్ పదకొండు, ఒంటిగంట మధ్య దిగిపోతుంది, బడి నుంచి ఫోన్లు ఆ వేళకే రావడంలో వింతేమీ లేదు. అప్పటిదాకా ఆ పిల్లవాడు పక్కవాడి నీళ్ళ బాటిల్ ఎత్తి తాగాడు, ఒకే బెంచీ మీద నలుగురితో కూర్చున్నాడు.

ఇక్కడ అమెరికాలో చాలా బళ్ళు పెట్టే నియమం సులువైనది. 100.4 డిగ్రీలు దాటితే ఇంటికి, మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే మళ్ళీ బడికి. ఆ "మందు వేయకుండా" అన్న మాట మన వాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే. ఇక్కడున్న మనం పాటిస్తున్నామా అంటే, అదీ లేదు. మా పెద్దది కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు నేనే రెండుసార్లు పొద్దున్నే టైలెనాల్, అంటే ఇక్కడి పారాసెటమాల్, పోసి పంపాను. మా ఆయన క్యాంపులో ఉన్నారు, నాకు సెలవులు అయిపోయాయి, వీసా ఉద్యోగం, ఆ టెన్షన్ అనుభవించిన వాళ్ళకే తెలుసు. పదకొండింటికి బడి నర్సు ఫోన్ చేసి "మందు ఏమైనా వేశారా" అని అడిగితే లేదని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మా అవ్వ బడికి వెళ్ళలేదు గానీ ఈ విషయంలో మనకంటే నయం. మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు, అంటే చికెన్‌పాక్స్, పోస్తే గడపకి వేపమండలు కట్టేసేది. అవి చూసిన వాళ్ళెవరూ లోపలికి వచ్చేవాళ్ళు కాదు. పిల్లవాణ్ణి విడిగా పడుకోబెట్టి, వేపాకు పరిచి, బయటికి పంపకుండా, పొక్కులన్నీ మాడి తలకి నీళ్ళు పోసేదాకా బడి ఊసే ఎత్తేది కాదు. వైద్యం చెప్పే లెక్క కూడా దాదాపు అంతే, పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది, పొక్కు కనపడకముందు ఒకటి రెండు రోజుల నుంచే మొదలవుతుంది. ఆ ఒక్క జబ్బుకి ఊరంతా ఒప్పుకున్న సెలవు ఉండేది, మాస్టారు కూడా కిమ్మనేవాడు కాదు. మిగతా జబ్బులకి ఆ మర్యాద ఎందుకు లేదు?

అవ్వ మాటల్లో వదిలేయాల్సినవీ ఉన్నాయి. అమ్మవారికి డాక్టరు దగ్గరికి పోకూడదని, స్నానం చేయించకూడదని అనేది, ఆ రెండూ తప్పే. ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త, ఆమెకి అంతకుముందు అది రాకుండా, టీకా కూడా వేయించుకోకుండా ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి. పిల్లలకి ఈ జబ్బులో యాస్పిరిన్ అసలు ఇవ్వకూడదు. అమెరికాలో ఈ టీకా 1995 నుంచి ఉంది, మన పిల్లలందరికీ వేయిస్తున్నాం. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. గవదబిళ్ళల టీకా సంగతీ అంతే, ఈ జబ్బుల్లో అక్కడ ఉచితంగా వేసేది తట్టుకి, రుబెల్లాకి మాత్రమే. అందుకే గవదలు వాచిన పిల్లలు మెడలో బంగారు గొలుసు వేసుకుని బడికి పోతూ ఇప్పటికీ కనిపిస్తారు. వాపు మొదలైనప్పటి నుంచి ఐదు రోజులు ఇంట్లో ఉంచాలి. తట్టు అయితే ఒంటి మీద దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు. వాంతులు, విరేచనాలు అయితే అవి ఆగి ఒక రోజు గడిచేదాకా, ఓఆర్‌ఎస్ తాగిస్తూ.

అలాగని ప్రతి తుమ్ముకీ బడి మాన్పించమనడం లేదు. జ్వరం లేకుండా ముక్కు కారుతుంటే, హుషారుగా ఉంటే పంపండి. తలలో పేలున్నాయని ఇంటికి పంపేయడం అన్యాయం, ఆ సాయంత్రం దువ్వి మందు పెడితే చాలు. కళ్ళకలక కంటిలోకి చూస్తే అంటుకోదు, చేతుల వల్ల, తువ్వాలు వల్ల అంటుకుంటుంది, అయినా పుసులు కారుతూ కళ్ళు నలుపుకునే చిన్నపిల్లల్ని రెండు రోజులు ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

డెంగీ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, వానల తర్వాత మన జిల్లాల్లో భయపడాల్సింది దానికే. అది ఒకరి నుంచి ఒకరికి తుమ్మితే అంటుకోదు, దోమ కావాలి. కానీ మూడో రోజుకో ఐదో రోజుకో జ్వరం దిగగానే "హమ్మయ్య" అని బడికి పంపేస్తారు చూడండి, అసలు గండం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, పిల్లవాడు మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనపడినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

హాజరు పోతుందని భయం. పిల్లల్ని బడికి పంపే తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం ఇంతకుముందు ఇచ్చిన అమ్మఒడి డబ్బుకి 75 శాతం హాజరు షరతు పెట్టినప్పటి నుంచి తల్లులకి ఆ అంకె అంటే గుండెదడ. లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు. అందులో 75 శాతం అంటే 150. ఇంకా యాభై రోజులు చేతిలో ఉన్నాయి. నాలుగు రోజుల జ్వరానికి ఏ పథకమూ ఆగదు. ఆగేదల్లా మనం ఇచ్చే నూరు శాతం షీల్డు ఒక్కటే, దానికోసం పిల్లలు ఒళ్ళు కాలుతున్నా చెప్పకుండా దాచుకుంటారు.

అందుకే అడుగుతున్నాను, ఈ ఏడు ఆ డబ్బుతో మనం సాయం చేసే ప్రతి బడికీ రెండు డిజిటల్ థర్మామీటర్లు, ఒక మడత మంచం, కుళాయి దగ్గర ఏడాదికి సరిపడా సబ్బులు కొనిద్దాం. హ్యాండ్ ఫుట్ మౌత్‌కి శానిటైజర్ కంటే సబ్బు నీళ్ళే బాగా పనిచేస్తాయి, అందుకే సబ్బు అంటున్నాను. జబ్బు చేసి మానిన రోజుని ఆబ్సెంట్‌గా డైరీలో రాయకుండా, తప్పిపోయిన టెస్టు మళ్ళీ పెట్టేలా హెడ్‌మాస్టర్లతో మాట్లాడదాం, వాళ్ళలో చాలామంది మన క్లాస్‌మేట్లే. నా వాటా ఇప్పటికే కట్టాను. జూన్‌లో బళ్ళు తెరిచేలోపు ఈ సామాను చేరాలంటే ఏప్రిల్ సమావేశంలోనే తేలాలి, ఆ రోజు దీన్ని ఎజెండాలో మొదటి అంశంగా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.