సవరణ: ఆబ్జ్‌డంప్‌ను తీసేయకండి
ప్రోగ్రామ్ సమయమంతా ఎక్కడ పోతుందో చూపే లినక్స్ టూల్ పెర్ఫ్. అందులో ఒక్కో మెషీన్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఎంత పోతుందో చూపే పెర్ఫ్ యానొటేట్ కమాండ్ గురించి పోయిన వారం రాసినదాంట్లో ఒక మాట తప్పు. బైనరీలోని బైట్లను చదవగలిగే ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చే క్యాప్‌స్టోన్ లైబ్రరీని పెర్ఫ్‌లో చేర్చిన మార్పులు చదివి, అదే పని చేసే ఆబ్జ్‌డంప్ ఇక అక్కర్లేదు అన్నాను. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక తమ్ముడు అది నమ్మి ఆబ్జ్‌డంప్ తీసేశాడు. అతని పెర్ఫ్ క్యాప్‌స్టోన్ లేకుండా బిల్డ్ అయింది. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా కనబడక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాడు. క్షమించు తమ్ముడూ.

ఆబ్జ్‌డంప్ వేరే ప్రోగ్రామ్. పెర్ఫ్ దాన్ని నడిపి, అది ఇచ్చిన టెక్స్ట్‌ను లైను లైనుగా చదువుకుంటుంది. పెద్ద బైనరీలకు ఆలస్యం అక్కడే. క్యాప్‌స్టోన్ అయితే పెర్ఫ్ లోపలే బైట్లను ఇన్‌స్ట్రక్షన్లుగా మారుస్తుంది, ఆ వేగం చూసే నేను తొందరపడ్డాను. కానీ దానికి సోర్సు లైన్లు తెలియవు. కాల్ ఏ ఫంక్షన్‌కి వెళ్తుందో కూడా తెలియదు, అడ్రసు మాత్రమే ఇస్తుంది. పేరు పెర్ఫే వెతికి పెట్టాలి. క్యాప్‌స్టోన్ వల్ల కాకపోతే పని మళ్లీ ఆబ్జ్‌డంప్‌కే వెళ్తుంది. రివ్యూలో ముందుగా చూడాల్సిన ఆ దారిని నేను చదవనే లేదు.

మీ పెర్ఫ్‌లో క్యాప్‌స్టోన్ ఉందో లేదో పెర్ఫ్ వెర్షన్ కమాండ్‌కి బిల్డ్ ఆప్షన్స్ జోడిస్తే కనబడుతుంది. ఉన్నా సరే, ఆబ్జ్‌డంప్‌ను ఉంచండి.